తక్‌పట్టీని ఎక్స్ఎంఎల్‌లో పెట్టడం: ప్రోగ్రాం తడబడకుండా చదివే ఫైలు ఎలా రాయాలి

“అన్నా, ఫైలు బ్రౌజర్‌లో బాగానే తెరుచుకుంటోంది, సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే మాత్రం లెక్క తప్పుతోంది.” హనుమకొండలో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న పిల్లలూ, ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణాల గుమాస్తాలూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వాళ్లది ఎక్స్ఎంఎల్ ఫైలు, అంటే ప్రతి విలువకూ ముందూ వెనుకా దాని పేరు రాసి దాచేది; ఆ పేర్లే ట్యాగులు. ట్యాగులన్నీ సరిగ్గానే మూసి ఉంటాయి, ఎర్రర్ ఏదీ రాదు. అయినా ఆ రోజు తేజ మిర్చి ఎన్ని కిలోలు వచ్చిందో అడిగితే మాత్రం జవాబు రాదు.

ఎక్స్ఎంఎల్ నియమాలు పాటించిన ఫైలు వేరు, పనికి వచ్చే ఫైలు వేరు. నేను పట్టుకుని నడిచే సూత్రం ఒక్కటే: చదివే ప్రోగ్రాం ఏ విలువనూ కోయాల్సిన, విడదీయాల్సిన, ఊహించాల్సిన పని ఉండకూడదు. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

ఉదాహరణకు మొదటి నుంచి చివరి దాకా తక్‌పట్టీనే తీసుకుంటాను. సరుకు అమ్ముడయ్యాక అడ్తిదారు రైతు చేతిలో పెట్టే లెక్క చీటీ అది. ఇందులోని ధరలు, కోతలు నమూనా కోసం వేసినవి, మార్కెట్ రేట్లు కావు.

## 1. కీబోర్డు ముట్టకముందు: ప్రశ్నలు రాసుకోండి

చాలామంది ఎడిటర్ తెరిచి నేరుగా ట్యాగులతో మొదలుపెడతారు. అలా చేస్తే కాగితం మీద గీతలు ఎలా ఉన్నాయో ఫైలు కూడా అలాగే తయారవుతుంది. కాగితం మనిషి కంటి కోసం గీసింది, ప్రోగ్రాంకు కళ్లు లేవు.

ముందు పాత తక్‌పట్టీ పుస్తకం ఒకటి ఎదురుగా పెట్టుకుని, రేపు ఈ ఫైలును ఏమేం అడుగుతారో రాయండి. నాకు వచ్చినవి ఇవి:

- ఈ రోజు ఏ రకం మిర్చి ఎన్ని కిలోలు వచ్చింది?
- ఫలానా రైతుకు సీజన్ మొత్తంలో ఎంత చెల్లించాం?
- హమాలీ కింద ఈ నెల ఎంత కోశాం?
- ఏ పట్టీలోనైనా కూడికకూ చెల్లింపుకూ తేడా ఉందా?

ఈ ప్రశ్నల్లో వచ్చే రకం, కిలోలు, రైతు, హమాలీ, చెల్లింపు లాంటి ప్రతి మాటకూ ఫైల్లో సొంత చోటు ఉండాలి. ఒక ప్రశ్నకు జవాబు ఏదో వాక్యం మధ్యలో దాక్కుని ఉందంటే అల్లిక (ఏ సంగతి ఎక్కడ ఉండాలన్న అమరిక) మార్చాల్సిందే.

తర్వాత మూడు రంగుల పెన్నులు తీసుకోండి. పట్టీకి ఒక్కసారే వచ్చే వాటికి (సంఖ్య, తేదీ, చెల్లింపు) ఒక రంగు. మళ్లీ మళ్లీ వచ్చే వాటికి (ఒక్కో రాశి, దాని తూకం, ధర) ఇంకో రంగు. నిజానికి వేరే పుస్తకంలో ఉండాల్సిన వాటికి (రైతు ఊరు, జిల్లా) మూడో రంగు. పది నిమిషాల పని ఇది, అల్లికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఒక హెచ్చరిక. మీ ఫైలు టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోకే వెళ్లాలంటే టాలీ అడిగే ట్యాగులే ఇవ్వాలి, అక్కడ మన ఇష్టం నడవదు. అయినా మీ సొంత ఫైలును ముందు శుభ్రంగా రాసుకుని, దాన్ని ఎక్స్ఎస్ఎల్‌టీ (ఒక ఎక్స్ఎంఎల్‌ను ఇంకో రూపంలోకి మార్చే భాష) సాయంతో టాలీ రూపంలోకి మార్చుకోవడం మేలు. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ వస్తే మార్పిడి ఒక్కటే మార్చుకుంటారు, డేటా కదలదు.

## 2. చెడ్డ ఫైలు ఎలా ఉంటుందో చూడండి

```
<పట్టీ>
  <తేదీ>18/2/25</తేదీ>
  <రైతు>… పర్వతగిరి (వరంగల్ జి.)</రైతు>
  <వివరం1>మిర్చి తేజ 24 బ. 9-86 ధర రూ.13,200/-</వివరం1>
  <వివరం2>తాలు 3 బ. 1-08 ధర 6,500</వివరం2>
  <ఖర్చులు>కమీషన్, హమాలీ, దడువాయి కలిపి 3688.44</ఖర్చులు>
</పట్టీ>
```

ఏ పార్సర్ (ఎక్స్ఎంఎల్ చదివే ప్రోగ్రాం) దీన్ని తప్పు పట్టదు. కానీ తేజ మొత్తం కిలోలు కావాలంటే ప్రోగ్రాం ‘బ.’ (బస్తాలు) తర్వాత ఉన్న అంకెలను వెతికి కోసుకోవాలి. రెండో వివరంలో ‘మిర్చి’ అన్న మాటే లేదు, తాలు (నాసి కాయ) అంటే మిర్చి తాలే అని అది ఊహించుకోవాలి. మూడో రాశి వస్తే ‘వివరం3’ పుడుతుంది, దాని సంగతి ప్రోగ్రాంకు తెలియదు. హమాలీ ఎంత అంటే జవాబే లేదు, కమీషన్, హమాలీ, దడువాయి (తూకం వేసినందుకు కోసేది) మూడు కోతలనూ ఒకే మూట కట్టేశారు.

అన్నిటికంటే ప్రమాదమైంది ‘9-86’. చీటీ మీద దాని అర్థం 9 క్వింటాళ్ల 86 కిలోలు. ఒక దుకాణానికి నేను పని చేసినప్పుడు గీతను చుక్కగా మార్చేసి 9.86 అని చదివించాను, రెండు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు చీటీలో ‘9-6’ అని వచ్చింది. రాసినవాళ్ల లెక్కలో అది 9 క్వింటాళ్ల 6 కిలోలు, అంటే 906 కిలోలు. నా ప్రోగ్రాం 9.6 అని చదివి 960 చేసింది. 54 కిలోల తేడా. 13,200 ధర మీద అది 7,128 రూపాయలు. పట్టుకుంది నేను కాదు, ముసలి గుమాస్తా, అది కూడా బస్తాల సంఖ్య చూసి.

అప్పటి నుంచి తూకం కిలోల్లోనే రాస్తున్నాను.

## 3. అల్లిక: ఒక్కో సంగతికి ఒక్కో చోటు

అదే పట్టీ, సరిచేశాక:

```
<లెక్కలు రూపం="1.0">
  <రైతులు>
    <రైతు గుర్తు="రై-2041">
      <పేరు>…</పేరు>
      <గ్రామం>పర్వతగిరి</గ్రామం>
      <జిల్లా>వరంగల్</జిల్లా>
    </రైతు>
  </రైతులు>
  <పట్టీలు>
    <పట్టీ సంఖ్య="4417" తేదీ="2025-02-18" రైతు="రై-2041">
      <రాశి వరుస="1">
        <సరుకు>మిర్చి</సరుకు>
        <రకం>తేజ</రకం>
        <నాణ్యత>మంచి</నాణ్యత>
        <బస్తాలు>24</బస్తాలు>
        <తూకం కొలత="కిలో">986</తూకం>
        <ధర కొలత="క్వింటా">13200.00</ధర>
        <విలువ>130152.00</విలువ>
      </రాశి>
      <రాశి వరుస="2">
        <సరుకు>మిర్చి</సరుకు>
        <రకం>తేజ</రకం>
        <నాణ్యత>తాలు</నాణ్యత>
        <బస్తాలు>3</బస్తాలు>
        <తూకం కొలత="కిలో">108</తూకం>
        <ధర కొలత="క్వింటా">6500.00</ధర>
        <విలువ>7020.00</విలువ>
      </రాశి>
      <మినహాయింపులు>
        <మినహాయింపు పేరు="కమీషన్">2743.44</మినహాయింపు>
        <మినహాయింపు పేరు="హమాలీ">810.00</మినహాయింపు>
        <మినహాయింపు పేరు="దడువాయి">135.00</మినహాయింపు>
      </మినహాయింపులు>
      <చెల్లింపు>133483.56</చెల్లింపు>
    </పట్టీ>
  </పట్టీలు>
</లెక్కలు>
```

పొడవు పెరిగిందని కంగారు పడకండి. ఇప్పుడు తేజ తూకాలన్నీ కావాలంటే ఎక్స్‌పాత్‌లో (ఫైల్లోంచి కావాల్సిన ముక్కను వెతికే భాష) ఇంతే:

```
//రాశి[రకం='తేజ']/తూకం
```

మొదటి అధ్యాయంలో రాసుకున్న ప్రశ్నలన్నిటికీ ఇలాంటి ఒక్క లైను సరిపోవాలి. అల్లిక సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

గమనించాల్సినవి కొన్ని.

ఎన్ని రాశులొచ్చినా ట్యాగు పేరు ‘రాశి’ ఒక్కటే. ట్యాగు పేరులో అంకె కనిపించిందంటే అల్లికలో ఎక్కడో తప్పు జరిగిందని అనుమానించండి.

రైతు ఊరు పట్టీలో లేదు, పైన ఒక్కచోటే ఉంది. రైతు సీజన్‌లో పదిసార్లు సరుకు తెస్తే ఊరి పేరు పదిసార్లు టైప్ చేయాలి, అందులో ఒకసారైనా అక్షరం తప్పుతుంది.

కోతల పేర్లను నేను ట్యాగులుగా పెట్టలేదు. రేపు కొత్త కోత ఒకటి వస్తే కొత్త ట్యాగు పుట్టాలి, స్కీమా (ఫైల్లో ఏవి ఉండొచ్చో చెప్పే నియమాల ఫైలు) మారాలి, ప్రోగ్రాం మారాలి. ఇలా అయితే ఇంకో లైను చేరుతుంది, అంతే. జాబితా పెరిగేదైతే పేరును విలువగా పెట్టండి. జాబితా ఎప్పటికీ మారనిదైతే ట్యాగుగా పెట్టండి.

మరి విలువ, చెల్లింపు ఎందుకు రాశాం, అవి లెక్కేసి తెలుసుకునేవే కదా? మామూలుగా అయితే రాయొద్దనే అంటాను. కానీ తక్‌పట్టీ అంటే రైతు చేతికి ఎంత ఇచ్చామో చెప్పే సాక్ష్యం. లెక్క ప్రకారం ఎంత రావాలన్నది వేరు, నిజంగా ఎంత ఇచ్చామన్నది వేరు. అందుకే ఉంచాను. ఉంచినప్పుడు రెండూ సరిపోతున్నాయో లేదో తనిఖీ చేసే బాధ్యత కూడా మనదే.

## 4. ట్యాగులో పెట్టాలా, యాట్రిబ్యూట్‌లో పెట్టాలా

తెరిచే ట్యాగు లోపలే సంఖ్య="4417" లాగా రాసేది యాట్రిబ్యూట్. ఏది ఎక్కడ పెట్టాలన్న దాని మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు. నేను మూడు ప్రశ్నలతో తేల్చేస్తాను.

- ఇది రెండుసార్లు రావచ్చా? అయితే ట్యాగే. ఒక ఎలిమెంట్‌లో (తెరిచే ట్యాగు నుంచి మూసే ట్యాగు దాకా ఉన్న ముక్క) ఒకే పేరుతో రెండు యాట్రిబ్యూట్లు ఉంటే ఫైలు చెల్లదు.
- దీని లోపల రేపు ఇంకేమైనా చేరవచ్చా? అయితే ట్యాగే. యాట్రిబ్యూట్ లోపల ఇంకేదీ పెట్టలేం.
- ఇది అసలు సరుకా, సరుకు మీద అంటించిన చీటీనా? సంఖ్య, గుర్తు, కొలత లాంటి చీటీలు యాట్రిబ్యూట్‌లోకి పోవచ్చు.

ఒక తిరకాసు చాలామందికి తెలియదు. యాట్రిబ్యూట్ విలువలో లైను విరిస్తే పార్సర్ దాన్ని మామూలు ఖాళీగా మార్చేస్తుంది. చిరునామా లాంటి రెండు మూడు లైన్ల సంగతిని యాట్రిబ్యూట్‌లో పెడితే లైన్లన్నీ కలిసిపోతాయి. ఇంకోటి, యాట్రిబ్యూట్లు ఏ వరుసలో వస్తాయన్న దాని మీద ఎప్పుడూ ఆధారపడకండి.

## 5. పేర్లు పెట్టడం: తెలుగు ట్యాగుల్లో కనిపించని గోతులు

ట్యాగులు తెలుగులో రాయొచ్చా అని అడుగుతారు. 1998లో వచ్చిన ఎక్స్ఎంఎల్ 1.0 మొదటి నుంచే తెలుగు అక్షరాల పేర్లను ఒప్పుకుంటుంది. ఒక సుఖం కూడా ఉంది. ఇంగ్లిష్ ట్యాగుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం కలిసిపోయి వచ్చే ఎర్రర్ల గోల మనకు లేదు. మీ టీమ్‌లో తెలుగు చదవలేనివాళ్లు ఉంటే మాత్రం ఇంగ్లిష్‌లోనే పెట్టుకోండి, పట్టుదల వద్దు.

మామూలు నియమాలు ముందు. పేరు 0 నుంచి 9 దాకా ఉన్న అంకెతో మొదలు కాకూడదు. తెలుగు అంకెతోనూ మొదలుపెట్టకండి, పాత పద్ధతి పార్సర్లు ఒప్పుకోవు. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ‘రైతు పేరు’ అని ట్యాగు రాస్తే పార్సర్ ‘పేరు’ను యాట్రిబ్యూట్ అనుకుని, దానికి విలువ ఏదని గొడవ పెడుతుంది. ‘రైతు-పేరు’ అని గీతతో కలపండి.

ఇక అసలు గోతులు. ‘తక్‌పట్టీ’ అన్న మాటనే చూడండి. క్ కింద ప వత్తు పడకుండా ఉండాలని మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం కొడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. మాటల్లో దానితో ఇబ్బంది లేదు, ట్యాగు పేర్లలోకి వస్తే కొంప మునుగుతుంది. ‘లాట్’ అని మామూలుగా రాసినదీ, చివర ఆ కనిపించని అక్షరం తగిలించినదీ స్క్రీన్ మీద అచ్చం ఒక్కలాగే ఉంటాయి, పార్సర్‌కు మాత్రం రెండు వేరు పేర్లు. పైగా ఎక్స్ఎంఎల్ 1.0లో 2008 నాటి ఐదో ఎడిషన్‌కు ముందు ఆ అక్షరం పేర్లలో చెల్లేదే కాదు, పాత పద్ధతి పార్సర్లు ఇప్పటికీ ఒప్పుకోవు.

అందుకే నేను పొల్లుతో ముగిసే పేర్లు పెట్టను. లాట్ అనకుండా రాశి అన్నాను. చీటీని తక్‌పట్టీ అనకుండా పట్టీ అన్నాను. ఊరికే కాదు!

రెండో గొయ్యి ఐత్వం. ‘రైతు’లోని ‘ై’ గుర్తును యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగానో, ‘ె’ కింద ఇంకో చిన్న గుర్తు చేర్చి రెండుగానో. చూడ్డానికి తేడా ఉండదు. పార్సర్ పేర్లను గుర్తు గుర్తుగా పోలుస్తుంది కాబట్టి ఒకటి రెండోదానికి సరిపోదు. వేరే చోట నుంచి కాపీ చేసి తెచ్చిన టెక్స్ట్ ఏదైనా సరే, ఎన్ఎఫ్‌సీ అనే (రెండు రకాలనూ ఒకటి చేసే) పద్ధతిలోకి మార్చాకే ఫైల్లో పెట్టండి. పైతాన్, జావా రెండింటిలోనూ దీనికి రెడీమేడ్ సదుపాయం ఉంది.

పేర్ల కోసం ఒక చిన్న పట్టిక రాసి గోడకు అంటించుకోండి:

- రాశి (రాసి కాదు)
- తూకం (తూకము, బరువు కాదు)
- ధర (రేటు కాదు)
- మినహాయింపు (కోత, ఖర్చు కాదు)

ఏ మాట గొప్పదన్నది ప్రశ్న కాదు. ఒకటి ఎంచుకున్నాక దాన్నే పట్టుకోవాలి.

## 6. విలువలు: అంకెలు, తేదీలు, ఊళ్ల పేర్లు

అంకెలు. లోపల కామా వద్దు, రూపాయి గుర్తు వద్దు, చివర ‘/-’ అసలే వద్దు. 1,30,152 అని రాస్తే మనకు లక్షా ముప్పై వేలు, స్కీమాకు మాత్రం అది అంకే కాదు. ౧౨౩ లాంటి తెలుగు అంకెలు కూడా పనికిరావు. కామాలు, గుర్తులు ప్రింట్ తీసేటప్పుడు పెట్టుకోండి.

తేదీలు. సంవత్సరం-నెల-రోజు, రెండేసి అంకెలతో: 2025-02-18. ఈ పద్ధతిలో రాసిన తేదీలను అక్షరాల వరుసలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. ‘5/2/25’ అంటే ఫిబ్రవరి 5 అని మనకు తెలుసు, మే 2 అనుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

కొలతలు. అంకె పక్కన కాకుండా యాట్రిబ్యూట్‌లో. ‘986 కిలోలు’ అన్నది వాక్యం, ‘986’ అన్నది సంఖ్య.

ఊళ్లు, జిల్లాలు. ఇక్కడ మన దగ్గర పెద్ద చిక్కే ఉంది. ఒకే ఊరిని హన్మకొండ, హనుమకొండ, హనంకొండ అని మూడు రకాలుగా రాస్తాం. ప్రోగ్రాంకు అవి మూడు ఊళ్లు. జిల్లాల కథ ఇంకా తిరకాసు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. అంటే 2018 నాటి ఫైల్లో ‘వరంగల్ రూరల్’ అని ఉన్నదీ, ఇప్పటి ఫైల్లో ‘వరంగల్’ అని ఉన్నదీ చాలావరకు ఒకే జిల్లా, కొన్ని మండలాలు మాత్రం అటూ ఇటూ మారాయి. 2015 నాటి ఫైల్లో ‘వరంగల్’ అంటే మాత్రం ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు దాకా ఉన్న పెద్ద జిల్లా.

పేరు మీద ఆధారపడితే ఈ మూడూ కలగాపులగం అవుతాయి. ఒక్క సీజన్ లెక్కకు పేరు చాలు, అందుకే పై నమూనాలో పేరే ఉంచాను. ఏళ్ల తరబడి దాచే ఫైలైతే గ్రామానికీ జిల్లాకూ మారని కోడు ఒకటి యాట్రిబ్యూట్‌గా ఇచ్చి, పేరును చూపించడానికి మాత్రమే వాడండి.

రకాలు. తేజ, చపాటా, వండర్ హాట్ లాంటి పేర్లకు ముందే జాబితా కట్టండి. చపాటానే టమాటా మిర్చి అని కూడా అంటారు. రెండు పేర్లూ ఫైల్లోకి వస్తే రిపోర్టులో ఒకే రకం రెండు ముక్కలవుతుంది. జాబితాలో లేని పేరు వస్తే స్కీమా ఆపేయాలి.

## 7. ఎన్‌కోడింగ్, ఆ దిక్కుమాలిన ‘&’

ఫైలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను దాచే పద్ధతి) సేవ్ చేయండి, డిక్లరేషన్‌లోనూ (ఇది ఎక్స్ఎంఎల్ అని చెప్పే మొదటి లైను) అదే రాయండి. పై నమూనాలో స్థలం కోసం డిక్లరేషన్ వదిలేశాను, మీరు వదలొద్దు. అది ఫైల్లో మొట్టమొదటి అక్షరం నుంచే మొదలవ్వాలి. పైన ఒక్క ఖాళీ లైను ఉన్నా పార్సర్ మొరాయిస్తుంది. గంటసేపు కోడ్ అంతా వెతికి, చివరికి ఆ ఖాళీ లైను దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియదు.

ప్రింటింగ్ ప్రెస్ నుంచి తెచ్చిన టెక్స్ట్‌తో జాగ్రత్త. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంటు తీసేస్తే కనిపించేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళం. ముందు కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి కంటితో చదివాకే ఎక్కించండి. వత్తుల దగ్గర కన్వర్టర్లు తప్పు చేస్తుంటాయి.

దుకాణాల పేర్లలో ‘& సన్స్’, ‘& కో’ ఉంటాయి. ఎక్స్ఎంఎల్‌లో & గుర్తును నేరుగా రాయకూడదు, మొత్తం ఫైలు ఆగిపోతుంది. ఇలా రాయాలి:

- & బదులు `&#38;`
- < బదులు `&#60;`
- యాట్రిబ్యూట్ లోపల జంట కొటేషన్ బదులు `&#34;`

ఇంకా మంచి పద్ధతి, వీటిని చేత్తో రాయకపోవడం. మాటలను అతికించి ఎక్స్ఎంఎల్ తయారుచేసే కోడ్ రాయకండి. ఏ భాషలోనైనా ఎక్స్ఎంఎల్ రాసే లైబ్రరీ ఉంటుంది, ఈ మార్పులన్నీ అదే చూసుకుంటుంది.

## 8. సున్నా, ఖాళీ, లేకపోవడం

హమాలీ సున్నా అంటే కోయలేదని అర్థం. ట్యాగు ఉండి లోపల ఖాళీగా ఉంటే? ట్యాగే లేకపోతే? మూడింటికీ అర్థం ముందే నిర్ణయించుకోండి. నా పద్ధతి: కోయకపోతే 0.00, ఇంకా తెలియకపోతే ఆ ట్యాగే ఉండదు, ఖాళీ ట్యాగు ఎప్పుడూ రాయను. ఖాళీ మాటను అంకెగా మార్చబోయి కొన్ని ప్రోగ్రాములు కూలిపోతాయి, కొన్ని నోరు మూసుకుని సున్నా వేసుకుంటాయి. రెండోదే ఎక్కువ ప్రమాదం.

## 9. స్కీమా: కాపలావాణ్ని పెట్టండి

ఇప్పటిదాకా తీసుకున్న నిర్ణయాలన్నీ మీ తలలో ఉన్నాయి. వాటిని ఎక్స్ఎస్‌డీ అనే స్కీమా భాషలో రాస్తే తలనొప్పి దానికి అప్పగించినట్టే. ఈ వరుసలో వెళ్లండి:

1. నమూనా ఫైలు ఒకటి చేత్తో రాయండి. స్కీమాతో మొదలుపెట్టకండి.
2. తేదీకి తేదీ రకం, తూకానికీ డబ్బుకూ దశాంశ రకం, బస్తాలకు సున్నా కంటే పెద్ద పూర్ణాంకం ఇవ్వండి.
3. రకం, నాణ్యత, కొలతలకు అనుమతించే పేర్ల జాబితా రాయండి.
4. పట్టీకి రాశి కనీసం ఒకటి, గరిష్ఠానికి హద్దు లేదు అని చెప్పండి.
5. రైతు గుర్తు పై జాబితాలో ఉంటేనే పట్టీలో చెల్లాలని కట్టండి.

ఐదో దాని దగ్గర ఒక మెలిక. స్కీమాలో ఐడీ అనే రకం వాడితే విలువ అంకెతో మొదలు కాకూడదు. ‘2041’ చెల్లదు, ‘రై-2041’ చెల్లుతుంది. పైగా ఆ విలువ ఫైలు మొత్తం మీద ఒక్కచోటే ఐడీగా ఉండాలి. పట్టీలో వచ్చేది దానికి చూపుడు వేలు మాత్రమే, దానికి ఐడీరెఫ్ రకం ఇవ్వాలి. రెండు చోట్లా ఐడీ అని పెట్టి, మొదటి పట్టీకే ఎర్రర్ వచ్చిందని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

విలువల్లోంచి మినహాయింపులు తీసేస్తే చెల్లింపు రావాలన్న తనిఖీని ఎక్స్ఎస్‌డీ 1.0 చేయలేదు. దానికి స్కీమాట్రాన్ అనే ఇంకో తనిఖీ భాష వాడొచ్చు, లేదా కోడ్‌లోనే పది లైన్లు రాసుకోవచ్చు. చిన్న దుకాణానికి రెండోదే చాలు.

## 10. ఫైలు పెరిగినప్పుడు

ఎక్స్ఎంఎల్ ఫైలు పద్దు పుస్తకం లాంటిది కాదు, చివర్లో ఇంకో పేజీ అతికించలేం. చివరి మూసే ట్యాగు తర్వాత ఇంకో పట్టీ చేర్చితే మొత్తం చెల్లదు. సగంలో కరెంటు పోయి ఫైలు తెగితే అదీ చెల్లదు. అందుకే రోజుకో ఫైలు పెట్టి, ఫైలు పేరులో తేదీ ఇవ్వండి. ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకు మార్చండి.

సీజన్ మొత్తం ఒకే ఫైలుగా ఎవరైనా అడిగితే, దాన్ని డామ్ పద్ధతిలో మొత్తం మెమరీలోకి లాగకుండా, శాక్స్ లాంటి స్ట్రీమింగ్ పద్ధతిలో ఒక్కో పట్టీ చదివి వదిలేయండి. రైతుల జాబితాను పట్టీల కంటే పైన పెట్టింది ఇందుకే. మొదటి పట్టీ వచ్చేసరికి రైతు ఎవరో తెలిసి ఉండాలి.

## 11. నేమ్‌స్పేస్: కావాల్సినప్పుడే

మన ట్యాగులు ఇతరుల ట్యాగులతో కలిసిపోకుండా పెట్టే గుర్తింపు పేరే నేమ్‌స్పేస్. ఒక్క దుకాణం లోపల తిరిగే ఫైలుకు అది అక్కర్లేదు. బయటివాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం మొదలైతే పెట్టండి. అది వెబ్ అడ్రసులా కనిపిస్తుంది, కానీ పార్సర్ దాన్ని తెరిచి చూడదు, అదొక పేరు మాత్రమే.

నేమ్‌స్పేస్ పెట్టిన రోజే ఎక్స్‌పాత్‌లన్నీ ఖాళీ జవాబులివ్వడం మొదలవుతుంది, టెన్షన్ పడకండి. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ (పేరు ముందు చేర్చే చిన్న గుర్తు) లేని ‘రాశి’ అంటే ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని రాశి అని అర్థం. కోడ్‌లో ఒక ప్రిఫిక్స్ కట్టి, దానితో వెతకండి.

## 12. పంపే ముందు

- బ్రౌజర్‌లో తెరిచారా? ట్యాగు తప్పుంటే లైను నంబరుతో చెబుతుంది.
- ఎక్స్ఎంఎల్‌లింట్ అనే తనిఖీ టూల్‌తో గానీ, మీ ఎడిటర్‌లో గానీ స్కీమాతో సరిచూశారా?
- మొదటి అధ్యాయంలోని ప్రతి ప్రశ్ననూ ఒక్కో ఎక్స్‌పాత్‌గా రాసి, జవాబును కాగితం లెక్కతో పోల్చారా?
- ‘& సన్స్’ ఉన్న పేరు, 6 కిలోల తోక ఉన్న తూకం, ఒక్క బస్తా రాశి, కోతలేవీ లేని పట్టీ, ఒకే రైతుకు రెండు పట్టీలు: ఈ ఐదూ నమూనాలో ఉన్నాయా?
- రూపం సంఖ్య (నమూనా మొదటి లైనులోని 1.0) మార్చారా? ట్యాగు చేర్చినా తీసినా అది మారాలి.
- బయటి నుంచి వచ్చే ఫైళ్లు చదివే చోట డీటీడీని (ఫైలుతోనే నియమాలు పంపే పాత పద్ధతి), బయటి ఎంటిటీలను (బయటి ఫైళ్లను లోపలికి లాగే పేర్లు) ఆపేశారా? వాటితో మీ సర్వర్‌లోని ఫైళ్లు బయటికి లాగవచ్చు, మెమరీ నింపేసి మెషీన్‌నే పడగొట్టవచ్చు.

ఇవన్నీ అయ్యాక నేను ఇంకో పని చేస్తాను. ఆ ఫైల్లోంచే తక్‌పట్టీని మళ్లీ ప్రింట్ తీసి, అసలు చీటీతో పాటు గుమాస్తా ముందు పెడతాను. ఆయనకు ఎక్స్ఎంఎల్ తెలియదు. ముందు బస్తాలు చూస్తాడు, తర్వాత తూకం, ఆ తర్వాతే డబ్బు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తలూపాకే ఫైలు పంపుతాను.